బాబాయిగారి విమానంలో పదిహేడు తప్పులు

నేనొకసారి ఒక విమానాన్ని సర్వనాశనం చేశాను. కంగారుపడకండి, ఎవరూ పోలేదు. పోయినవాళ్లు అంతకు యాభై ఏళ్ల ముందే పోయారు. అది కాగితం విమానం. దాన్ని నేను చింపలేదు, తొక్కలేదు, దాని మీద కాఫీ ఒలకబొయ్యలేదు. అలాంటిదేదైనా చేసి ఉంటే ఒక సారీ చెప్పి బయటపడేదాన్ని. నేను దాన్ని బాగుచేశాను.

ముందు నా సంగతి చెప్పాలి. లేకపోతే ఇంత తెలివితక్కువ పని ఒక్క మనిషి, ఎవరి సాయమూ లేకుండా, ఎలా చెయ్యగలిగిందని మీకు అనుమానం వస్తుంది.

పెళ్లికి ముందు హైదరాబాదులో ఆరేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా పనిచేశాను. ఇంకొకళ్ల పనిలో తప్పులు వెతికి, వాటికి నంబర్లు వేసి, వాళ్లకే పంపించి, నెలాఖర్న జీతం తీసుకోవడం. అత్తగారు చేసే పనికి జీతం కూడా ఇస్తారని నాకు ఆ ఉద్యోగంలో చేరాకే తెలిసింది. తర్వాత పెళ్లయి, మా ఆయన శ్రీధర్‌తో అమెరికాలో మోరిస్‌విల్ వచ్చాను. నాది హెచ్‌ఫోర్ వీసా, పని చెయ్యకూడదు. చేతిలో విద్య ఉంది, ముందు తప్పులు లేవు. ఆకలేసిన పులిని వంటింట్లో కట్టేసినట్టయింది.

మొదట డిష్‌వాషర్‌ని పరీక్షించాను. తర్వాత కందిపప్పుని. తర్వాత శ్రీధర్‌ని. శ్రీధర్‌ది వరంగల్, నాది గుంటూరు. మూడో నెల్లో ఒకరోజు అతను కంచం ముందు చేతులు జోడించి అన్నాడు. "రాజీ, నీకు దండం పెడ్త. అన్నం ఎట్ల కలుపుతున్ననో గది గూడ రాసిపెడ్తున్నవా? ఏదన్న హాబీ పట్టుకోరాదు."

పట్టుకున్నాను. లైబ్రరీలో ఒక శనివారం కాగితపు విమానాల కిట్ చూశాను. అట్టలాంటి కాగితం మీద విమానం ముక్కలు అచ్చేసి ఉంటాయి. కత్తిరించి, మడిచి, గమ్‌తో అతికించాలి. అంతా అయ్యాక అసలు విమానంలో సరిగ్గా యాభయ్యో వంతు, ముప్పైమూడో వంతు, అలా ఒక లెక్క ప్రకారం తయారవుతుంది. ఆ లెక్కనే స్కేల్ అంటారు. 'సరిగ్గా' అనే మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఏడాది తిరిగేసరికి ఇంటర్నెట్‌లో కాగితపు విమానాల ఫోరం ఒకదానిలో నేను ముదిరాను. యూరప్‌లో గీసిన కిట్లు ఏఫోర్ కాగితానికి గీస్తారు. అమెరికా ప్రింటర్లలో ఉండేది లెటర్ కాగితం, కాస్త పొట్టిది. తెలియక 'ఫిట్ టు పేజ్' నొక్కితే విమానం నూటికి ఆరు వంతులు కుంచించుకుపోతుంది. కంటికి తెలియదు, ఎవరికీ నష్టం లేదు. ఒహైయోలో ఒకాయన ఆర్నెల్లు కష్టపడి చేసిన బాంబర్ ఫోటో పెట్టి, మనవరాలికి బహుమతి అని రాస్తే, నేను స్క్రీన్ మీద స్కేలు పెట్టి కొలిచి, "మీ విమానం ఆరు శాతం చిన్నది" అని కింద రాశాను. ఆయన మళ్లీ ఆ ఫోరంలో కనపడలేదు. నేను గెలిచాననుకున్నాను. నా మొహానికి అదొక గెలుపు.

మాకు మూడిళ్ల అవతల వసుధక్క ఉండేది. ఫార్మసిస్టు. ఆవిడ నాన్నగారు కోటేశ్వరరావుగారు, నేను బాబాయిగారు అనేదాన్ని, వయసులో ఉన్నప్పుడు ఎయిర్‌ఫోర్స్‌లో రేకు పని చేసేవారు. విమానాల ఒంటికి చిల్లులు పడితే అతుకులు వేసి, రివెట్లనే మేకులతో బిగించే పని. ఆ ఏడు ఆయనకు స్ట్రోక్ వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మాట పోయింది. పెన్నిస్తే వంకర గీతలు తప్ప అక్షరం వచ్చేది కాదు, రాతా మాటా కలిసే వెళ్లిపోయాయి. ఎదుటివాళ్లు చెప్పేదంతా మాత్రం శుభ్రంగా అర్థమయ్యేది. మొత్తం తెలుగు భాషలో ఆయనకు మిగిలింది ఒక్కటే మాట.

"బాబాయిగారూ, కాఫీ ఇవ్వనా?"

"అదే."

"పంచదార?"

"అదే."

"వద్దా?"

"అదే!"

మూడింటికీ మూడు రకాల గొంతు. వసుధక్కకి తేడాలన్నీ తెలుసు. అక్క డ్యూటీకి వెళ్లినప్పుడు పగలు నేను ఆయన దగ్గర కూచునేదాన్ని. నాకూ తెలుసనే అనుకునేదాన్ని.

చేతికి ఏదైనా పని ఇవ్వమని థెరపిస్టు చెప్పింది. అక్క పాత ఆల్బమ్ ముందు పెట్టి "ఏం చేస్తారు నాన్నా?" అంటే, ఆయన ఎడమచేత్తో ఒక ఫోటో మీద వేలు పెట్టారు. రెండు ఇంజన్ల పాత రవాణా విమానం. దాని ముందు ఇద్దరు కుర్రాళ్లు భుజాల మీద చేతులేసుకుని నవ్వుతున్నారు. ఒకరు బాబాయిగారు. ఇంకొకరు సత్యం అని, అక్క చెప్పింది. ప్రాణస్నేహితుడు. ఆ విమానంలోనే ఈశాన్యం కొండల మీదికి సామాను తీసుకుని వెళ్లాడు, విమానమూ తిరిగి రాలేదు, సత్యమూ రాలేదు. శిథిలాలు కూడా దొరకలేదట. "నాన్న ఆ మాట ఎత్తనిచ్చేవారు కాదు రాజీ. నాకు తెలిసింది ఇంతే" అంది అక్క.

ఆ విమానం కిట్ నేనే వెతికాను. యాభయ్యో వంతు స్కేల్. 'యాక్చువల్ సైజ్' నొక్కి మరీ ప్రింట్ చేశాను, ఆరు శాతం దోషం తగలకుండా.

బాబాయిగారు నాలుగు నెలలు చేశారు దాన్ని. పనికిరాని కుడి మోచేతిని కాగితం మీద బరువుగా పెట్టుకుని, ఎడమచేత్తో కత్తిరించేవారు. రోజుకి ఒక ముక్క. కొన్ని రోజులు అదీ లేదు. నేను పక్కన కూచుని పళ్లు కొరుక్కునేదాన్ని. ఆయన వంకర కత్తిరింపులు చూస్తుంటే నాకు వేళ్లు దురద పుట్టేవి.

మూడో నెల్లో ఫోనొచ్చింది. సత్యంగారి అబ్బాయి ప్రభాకర్, సియాటిల్ పక్కన రెడ్‌మండ్‌లో ఉంటాడట. తండ్రి పోయినప్పుడు మూడు నెలల పసివాడు, ఇప్పుడు యాభై దాటాయి. ఏడాది కిందట తల్లి కూడా పోయింది. పాత ఎయిర్‌ఫోర్స్ వాళ్ల వాట్సాప్ గ్రూపులో వెతికితే తండ్రితో పనిచేసినవాళ్లలో మిగిలింది ఈయనొక్కరేనని తెలిసిందట. స్పీకర్‌లో పెట్టింది అక్క.

"ఆయన మాట్లాడలేరండీ" అంది.

"తెలుసండీ, గ్రూప్‌లో చెప్పారు. పర్లేదు. ఊరికే వచ్చి కాసేపు కూచుని వెళ్తాను. మా నాన్నను చూసిన కళ్లు కదా."

బాబాయిగారు ఫోన్ వంక చూస్తూ ఉండిపోయారు. ఆ రోజు నుంచి ఆయనకు అన్నం సయించలేదు, విమానం తప్ప ఇంకేదీ పట్టలేదు. ఆయన ఆ మనిషికి చెప్పాల్సింది ఏదో ఉందని, చెప్పడానికి నోరు లేక చేతిని తొందరపెడుతున్నారని, చూసిన ఎవరికైనా తెలియాలి. నాకు తెలియలేదు. నాకు తెలిసింది, ఎడమ రెక్క మూడు మిల్లీమీటర్లు వాలిందని.

ఇక అన్నిటికన్నా ఘోరం, చివరి వారంలో ఆయన విమానం ఎడమవైపు, తలుపు వెనక, బొటనవేలి గోరంత కాగితం ముక్క అతికించారు. దాని అంచుల వెంబడి పెన్నుతో చుక్కలు పెట్టారు. ఒక్కొక్క చుక్కకి ఒక్కొక్క నిమిషం.

"బాబాయిగారూ, ఇది కిట్‌లో లేదు కదా?"

"అదే."

"పొరపాటున అంటుకుందా? తీసెయ్యనా?"

ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. ఆ ఒక్క చేతిలో అంత బలం ఉందని అప్పటిదాకా తెలియదు. "అదే. అదే. అదే."

సలహాకి సంతోషిస్తున్నారనుకున్నాను. చదువుతున్నవారు నన్ను తిట్టదలచుకుంటే ఇక్కడ కాసేపు ఆగి తిట్టొచ్చు, నేను ఎదురుచూస్తాను.

ప్రభాకర్ శనివారం వస్తాడనగా, బుధవారం బాబాయిగారికి జ్వరం వచ్చి హాస్పిటల్లో పెట్టారు. ఇంటి తాళంచెవి నా దగ్గరుంది. "అక్కా, విమానానికి చిన్న చిన్న రిపేర్లు ఉన్నాయి, బాబాయిగారు వచ్చేలోగా చేసి పెట్టనా, సర్‌ప్రైజ్?" అని మెసేజ్ పెట్టాను. పాపం, తండ్రి మంచం పక్కన కూచున్న మనిషి, "నీ ఇష్టం రాజీ, థాంక్స్" అని పెట్టింది.

గురువారమంతా మా డైనింగ్ టేబుల్ ఆపరేషన్ థియేటర్. శ్రీధర్ వర్క్ ఫ్రమ్ హోమ్. మధ్యమధ్యలో హెడ్‌ఫోన్స్ తీసి చూస్తున్నాడు.

"ఆయన చేసుకున్నడు, ఆయనిష్టం. నువ్వెందుకు కెలుకుతున్నవ్?"

"అంత దూరం నుంచి మనిషి వస్తున్నాడు శ్రీ. ఇలా వంకరటింకరగా చూపిస్తామా? కొలత తప్పితే అది విమానం కాదు, డబ్బా."

"వచ్చేటోడు విమానం చూడనీకి వస్తున్నడా, మనిషిని చూడనీకా?"

నేను కత్తి తీసుకున్నాను. వాలిన రెక్క ఎత్తాను. గమ్ మరకలు గీకాను. వంకర చక్రాలు పీకి మళ్లీ పెట్టాను. కిటికీలో ఉన్న పెన్సిల్ గీత తుడిచాను. ఆ గోరంత ముక్కని కొన మీంచి నెమ్మదిగా లేపి తీసేశాను, కింద కాగితం కూడా చిరగలేదు. నా పనితనానికి నేనే మురిసిపోయాను. చేసిన ప్రతి పనికీ ఎక్సెల్ షీట్‌లో ఒక వరస, నంబరు, వివరం, తీవ్రత, స్టేటస్. పదిహేడు తప్పులు. తీసిన ముక్కలన్నీ జిప్‌లాక్ కవర్లో వేసి నంబర్లు అంటించాను. ఆధారం లేని బగ్‌ని ఎవరూ ఒప్పుకోరు కదా.

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. బాబాయిగారు ఏరికోరి కోతినే చేసుకున్నారు. నేను వెళ్లి దాన్ని వినాయకుణ్ణి చేశాను.

శుక్రవారం ఆయన్ని ఇంటికి తీసుకొచ్చారు. విమానాన్ని వాళ్లింట్లో పెట్టి, గుడ్డ కప్పి, రేపటిదాకా ఎవరూ తియ్యకూడదని నేనే ఆర్డరేశాను. ఆవిష్కరణ సభ!

శనివారం పదకొండింటికి ప్రభాకర్ వచ్చాడు. పల్చగా, తలంతా నెరిసి, మాట మెల్లగా. విమానాలకు రిపేర్లు చేశాక అవి ఎంత బరువు ఆపుతాయో లెక్కకట్టడం ఆయన ఉద్యోగమట. బాబాయిగారి కాళ్లకు దండం పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూచున్నాడు. బాబాయిగారు ఆయన మొహాన్ని ఎడమచేత్తో తడిమి తడిమి చూశారు. తర్వాత గుడ్డ వైపు చెయ్యి చూపించి నన్ను తొందరపెట్టారు. "అదే! అదే!"

గుడ్డ తీశాను.

"అబ్బ, ఎంత నీట్‌గా ఉందండీ!" అన్నాడు ప్రభాకర్. "ఇది మీరు చేశారా అంకుల్, ఒక్క చేత్తో?"

బాబాయిగారు విమానాన్ని ఒళ్లోకి తీసుకున్నారు. ఎడమవైపు తిప్పారు. బొటనవేలితో తలుపు వెనక తడిమారు. ఇంకోసారి తడిమారు. విమానాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకున్నారు. "అదే?" అన్నారు. ప్రశ్నలా. నావైపు చూశారు.

ఆనందంతో ఉక్కిరిబిక్కిరవుతున్నారనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఆ ధైర్యంతోనే నేను లేచి, ప్రింట్ తీసి తెచ్చిన జాబితా విప్పి, చదవడం మొదలుపెట్టాను. మూడు కాపీలు తెచ్చాను, అడిగితే ఇద్దామని.

"ఒకటి. ఎడమ రెక్క మూడు మిల్లీమీటర్లు వాలింది. సరిచేశాను. రెండు. కుడి చక్రం వంకర. సరిచేశాను..."

నాతో వచ్చిన శ్రీధర్ నా చున్నీ లాగుతున్నాడు. నేను ఆగలేదు.

"తొమ్మిది. ఎడమవైపు మూడో కిటికీలో పెన్సిల్ గీత. అనవసరం. తుడిచేశాను. పది. తోక మీద గమ్. పదకొండు. తలుపు వెనక అదనపు ముక్క. కిట్‌లో లేదు. స్కేల్ ప్రకారం చూస్తే అసలు విమానం మీద అది కిటికీ తలుపంత ఉండాలి, అసంభవం. తీసేశాను. పన్నెండు. ఆ ముక్క చుట్టూ చుక్కలు, రివెట్లు కాబోలు. అంచుల వెంట పన్నెండు ఉండాలి, కింది మూలలో ఒకటి లేదు. పదకొండే ఉన్నాయి. అజాగ్రత్త."

బాబాయిగారి నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. అది 'అదే' కూడా కాదు. ఆ శబ్దాన్ని నేను రాయలేను.

"నాన్నా! ఏమైంది నాన్నా?" అని వసుధక్క పరిగెత్తుకొచ్చింది.

ప్రభాకర్ మాత్రం నావైపే చూస్తున్నాడు. "ఆ పన్నెండోది ఇంకోసారి చదవండి" అన్నాడు.

నేను చదివాను. చివరిమాట దగ్గర ఆగిపోయాను.

ప్రభాకర్ బాబాయిగారి చెయ్యి పట్టుకున్నాడు. "అంకుల్. అసలు విమానం మీద అక్కడ అతుకు ఉండేదా?"

బాబాయిగారు తల ఊపారు.

"మీరు వేసిందేనా?"

గుండెల మీద చెయ్యి పెట్టుకున్నారు. "అదే."

"నాన్న వెళ్లే ముందురోజా?" కాదని తల తిప్పారు. "ఆ పొద్దున్నేనా?"

"అదే."

"ఒక రివెట్... పడలేదా?"

బాబాయిగారు చెయ్యి పైకెత్తారు. ఐదువేళ్లు చూపించారు. మూసి మళ్లీ ఐదు. మూసి ఒకటి. ఆ ఒక్క వేలూ అలాగే ఉంచారు చాలాసేపు. తర్వాత అదే వేలితో గాలిలో సంతకం పెట్టారు. బండి సిద్ధం, ఎగరొచ్చు, అని ఆయన పెట్టిన సంతకం. యాభై ఏళ్లు ఎవరికీ చెప్పుకోనిది, నోరున్నప్పుడు భార్యకీ బిడ్డకీ చెప్పనిది, నోరు పోయాక కాగితం మీద చుక్కలు పెట్టి చెప్పుకుందామనుకున్నారు. దాన్ని నేను గోటితో లేపేసి, నంబరు వేసి, 'అజాగ్రత్త' అని పేరుపెట్టి, ఆయన మొహం మీదే పైకి చదివాను.

ప్రభాకర్ లేచి ఇంటి వెనక డెక్ మీదికి వెళ్లి అద్దాల తలుపు మూసుకున్నాడు. అద్దంలోంచి ఆయన వీపు కనపడుతోంది. బాబాయిగారు ఆ వీపునే చూస్తూ ఏడుస్తున్నారు, ఆ పక్షవాతం వచ్చిన సగం మొహం కదలకుండా, మిగతా సగంతో.

"ఎందుకు చదివావే?" అంది వసుధక్క. అరవలేదు. అరిచి ఉంటే బావుండేది. "ఆ ముక్కేది? ఉందా, పారేశావా?"

అంతే, నేను చెప్పుల్లేకుండా రోడ్డు మీద పరుగు. వెనకాల శ్రీధర్. వంటింట్లో కౌంటర్ మీద కవరు లేదు.

"శ్రీ, జిప్‌లాక్ కవరేదీ?"

"ఏ కవరు?"

"కాగితం ముక్కలున్నది!"

శ్రీధర్ మొహం పాలిపోయింది. "చెత్త అనుకున్న. పొద్దుగాల గరాజ్‌ల బిన్‌ల పడేసిన."

మా గరాజ్ నేల మీద వారం రోజుల చెత్త కుమ్మరించాం. గోంగూర కాడలు, టీపొడి, పెరుగు డబ్బాలు. ఇద్దరం మోకాళ్ల మీద కూచుని వెతుకుతుంటే ఎదురింటి ఆవిడ కుక్కని తిప్పుతూ వచ్చి, ఏదైనా ఉంగరం పోయిందా అని అడిగింది. పేపర్ అన్నాను. ముఖ్యమైనదా అంది. నాకు ఏడుపొచ్చింది. శ్రీధర్ పెరుగు డబ్బాలు ఒక్కొక్కటే తీసి చూస్తున్నాడు. పెళ్లయిన రెండేళ్లలో నేనతనికి అంత ఋణపడ్డ రోజు ఇంకోటి లేదు. చివరికి కవరు అతనికే దొరికింది. లోపలికి తడి చేరలేదు. పదకొండో నంబరు చీటీ కింద, గోరంత ముక్క. చుక్కలు లెక్కపెట్టాను. పదకొండు.

మేం తిరిగొచ్చేసరికి ప్రభాకర్ మళ్లీ లోపల కుర్చీలో ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. బాబాయిగారి ఎదురుగా వంగి మాట్లాడుతున్నాడు.

"అంకుల్, నా పనే ఇది. ఇరవై ఆరేళ్లుగా ఇదే చేస్తున్నాను. ఒక్క రివెట్ తక్కువైతే విమానం పడదు. పక్కవి ఆ లోడ్ తీసుకుంటాయి. ఆ కొండల్లో మబ్బు ఎలా ఉంటుందో మీకు నాకంటే తెలుసు. మీ వల్ల కాదు."

బాబాయిగారు తల అడ్డంగా తిప్పారు.

"కాదంకుల్, నేను లెక్కవేసి చూపిస్తాను."

మళ్లీ అడ్డంగానే తిప్పారు. ఆయన యాభై ఏళ్లు వేసిన లెక్క ముందు ఆ లెక్క ఆనలేదు. ఆయన క్షమించమని కూడా అడగలేదని నాకప్పుడు అనిపించింది. ఆ మనిషికి తెలియాలి, అంతే.

నేను ముక్క ఆయన చేతిలో పెట్టాను. గమ్ రాసిచ్చాను. ఆయన నన్నే అతికించమని సైగ చేశారు. అతికించాను. ఆయన బొటనవేలితో తడిమి, తల తిప్పారు. కొంచెం ముందుకు జరిగింది. తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ కాదన్నారు. ఇప్పుడు కాస్త పైకుంది. కంటికి కనపడనంత తేడా. ఎవరికీ తెలియదు, ఏమీ కాదు. కానీ ఆయనకు తెలుస్తోంది. అక్కడున్న వాళ్లందరిలో కొలత అంటే ఏమిటో తెలిసిన మనిషి ఆయనొక్కరేనని, ఆ గోరంత ముక్క ఒక్కటే ఆయన మనసులో ఉన్నంత సైజులో చేశారని, నాకు అప్పటికి బుర్రకెక్కింది. మూడోసారి పెట్టాక ఆయన వేలు ఆగింది.

అప్పుడు ప్రభాకర్ జేబులోంచి పెన్ను తీశాడు. ముక్క కింది మూలలో, ఖాళీగా ఉన్నచోట, పన్నెండో చుక్క పెట్టబోయాడు. ఎంత మంచి మనసుతోనో. "అయిపోయింది అంకుల్, ఇంక పూర్తిచేసేద్దాం" అన్నాడు.

బాబాయిగారు ఆయన మణికట్టు పట్టుకున్నారు. నా మణికట్టు పట్టుకున్నట్టే. పెన్ను ఆగిపోయింది. ఆయన ఆ ఖాళీ మూలని చూపించి, ప్రభాకర్ కళ్లలోకి చూసి అన్నారు.

"అదే."

ప్రభాకర్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. వసుధక్క లోపలికి వెళ్లి చారు వేడిచేసింది. అందరం తిన్నాం. బాబాయిగారు ఆ రోజు రెండోసారి అన్నం పెట్టించుకున్నారు.

కథ ఇక్కడ అయిపోతే నేను సుఖంగా బతికేదాన్ని. భోజనాలయ్యాక బాబాయిగారు విమానాన్ని మళ్లీ తీసుకుని మూడో కిటికీ చూపించారు నాకు. తొమ్మిదో తప్పు. పెన్సిల్ గీత. అది రబ్బరు పొడితో పాటు పోయింది, దానికి కవరూ లేదు, చీటీ లేదు. పెన్సిలు ఆయనకిచ్చాను. గియ్యబోయారు, చెయ్యి వణికి ఒట్టి మచ్చ పడింది, విసుగ్గా పెన్సిలు నాకే ఇచ్చేశారు. నిలువుగా గీశాను. కాదన్నారు. అడ్డంగా గీశాను. కాదన్నారు. కాస్త వంచి గీశాను.

"మనిషా నాన్నా? సత్యంగారి మొహమా?" అంది అక్క.

కాదు.

"చెయ్యా అంకుల్? నాన్న చెయ్యి ఊపాడా?" అన్నాడు ప్రభాకర్.

బాబాయిగారు కొంచెంసేపు ఆలోచించి, చెయ్యి అటూ ఇటూ తిప్పారు. అవునో కాదో. తర్వాత అలిసిపోయి కళ్లు మూసుకున్నారు. ప్రభాకర్ విమానాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని, సియాటిల్ దాకా ఒళ్లోనే పెట్టుకుని వెళ్లాడు. ఆ చలికాలం బాబాయిగారు పోయారు. మూడో కిటికీలో ఏముందో మాకెవరికీ తెలియలేదు.

కాబట్టి ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా: గుంటూరు వాస్తవ్యురాలు, ప్రస్తుతం మోరిస్‌విల్ నివాసి, మాజీ టెస్టరు అయిన రాజ్యలక్ష్మి అనే నేను, నా స్టీలు స్కేలు మీదా, మా ఆయన ఏరిన పెరుగు డబ్బాల మీదా ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇకమీదట ఎవరి చేతిపనిలోనైనా వంకర కనిపిస్తే, ఇదెందుకిలా ఉందని ముందు అడుగుతాను. వాళ్లు చెప్పలేకపోతే, చెప్పేదాకా కూచుంటాను. నా మణికట్టు పట్టుకుంటే ఆగుతాను. ఒహైయో పెద్దాయనకి క్షమాపణ రాశాను, జవాబు రాలేదు, రావాలని అడిగే మొహం నాకు లేదు.

ఆ ఎక్సెల్ షీట్ ఇంకా నా దగ్గరే ఉంది. పదకొండు, పన్నెండు వరసల్లో 'తప్పు కాదు, ఇలాగే ఉండాలి' అని రాసి మూసేశాను. మిగతావి కూడా ఒక్కొక్కటే మూసేశాను. తొమ్మిదో వరస మాత్రం మూయడానికి వీల్లేదు. ఏడాదికోసారి తెరిచి చూస్తాను. 'అనవసరం. తుడిచేశాను' అని ఉంటుంది, నా మాటల్లో.